ఓటీపీ ఎక్కడ ఆగింది? రేషన్, పింఛను పనులకు తెలిసి ఉండాల్సిన నెట్‌వర్క్ మాటలు

(అడిక్‌మెట్, రాంనగర్, విద్యానగర్ ప్రాంతాల లబ్ధిదారుల కోసం)

నెల మొదట్లో రేషన్ షాపు దగ్గర తరచూ వినపడే మాటలు మూడు: ‘సిగ్నల్ లేదు’, ‘సర్వర్ డౌన్’, ‘ఓటీపీ రాలేదు’. మూడింటికీ చివర్లో వచ్చే జవాబు మాత్రం ఒకటే – ‘రేపు రండి’. కూలికి వెళ్లేవాళ్లకు మళ్లీ రావడమంటే ఒక రోజు కూలి పోవడమే. కానీ ఈ మూడూ ఒకటి కాదు. పని ఎక్కడ ఆగిందో తెలిస్తే ఏం చేయాలో, ఎవరిని అడగాలో మీకే తెలిసిపోతుంది.

1. వేలు పెట్టాక ఏం జరుగుతుంది?

మీ ఫోన్‌లో ఉన్నట్టే షాపులోని ఈ-పోస్ మిషన్‌లో కూడా సిమ్ ఉంటుంది. మీరు వేలు పెట్టగానే ఆ వివరం రహస్య సంకేతంగా మారి, గాలిలో రేడియో తరంగాల ద్వారా దగ్గర్లోని టవర్‌కు చేరుతుంది. టవర్ నుంచి భూమి లోపల వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌లో వెలుగు రూపంలో ప్రయాణించి సర్వర్‌కు వెళ్తుంది. ముందు పౌరసరఫరాల శాఖ సర్వర్, అక్కడి నుంచి ఆధార్ సర్వర్. ఆధార్ డేటా సెంటర్లు బెంగళూరులో, హరియాణాలోని మానేసర్‌లో ఉన్నాయి. అంటే మీ వేలిముద్ర సరిపోయిందో లేదో చెప్పేది డీలర్ కాదు, ఆయన ముందున్న మిషన్ కూడా కాదు. ‘సరే’ అన్న జవాబు అంత దూరం నుంచి రావాలి.

దూరం వల్లే ఆలస్యం అవుతుందనుకోకండి. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. బెంగళూరుకు వెళ్లి రావడానికి దానికి కొన్ని మిల్లీసెకన్లు చాలు. పని ఆగేది మొదట్లో గాలిలోనో, చివర్లో సర్వర్ దగ్గరో.

2. సిగ్నల్, స్పీడ్ – రెండూ వేరు

సిగ్నల్ అంటే టవర్‌కు, ఫోన్‌కు మధ్య ఉన్న రేడియో సంబంధం ఎంత గట్టిగా ఉందో చెప్పేది. ఫోన్ పైన కనపడే గీతలు అవే. ఇరుకు గల్లీలో, చుట్టూ కాంక్రీటు గోడలున్న గ్రౌండ్ ఫ్లోర్ గదిలో సిగ్నల్ తగ్గుతుంది. అదే ఫోన్ రోడ్డు మీదికి తెస్తే పెరుగుతుంది.

బ్యాండ్‌విడ్త్ అంటే ఆ దారి వెడల్పు. అడిక్‌మెట్ ఫ్లైఓవర్‌నే తీసుకోండి. రోడ్డు బాగానే ఉంటుంది, కానీ సాయంత్రం అందరూ ఒకేసారి వస్తే బండి కదలదు. టవర్ కూడా అంతే. అందరూ ఒకేసారి వీడియోలు చూస్తుంటే, గీతలు నిండుగా ఉన్నా నెట్ నెమ్మదిస్తుంది.

3. ఎంబీ, ఎంబీపీఎస్

ఎంబీ అంటే మెగాబైట్, ఫైలు బరువు. ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్లు వస్తున్నాయో చెప్పే వేగం. 8 బిట్లు కలిస్తే 1 బైట్. ఈ పీడీఎఫ్ 2 ఎంబీ ఉందనుకుంటే, 1 ఎంబీపీఎస్ వేగంలో దిగడానికి 16 సెకన్లు పడుతుంది. ‘100 ఎంబీపీఎస్ ప్లాన్’ అంటే సెకనుకు 100 ఎంబీ కాదు, సుమారు పన్నెండున్నర ఎంబీ.

4. ఓటీపీకి నెట్ అక్కర్లేదు

ఓటీపీ ఎస్ఎంఎస్ రూపంలో వస్తుంది. దానికి మొబైల్ డేటా ఆన్ చేయనవసరం లేదు, సిగ్నల్ ఉంటే చాలు. బటన్ల ఫోన్‌కు కూడా వస్తుంది. ఓటీపీ రాకపోతే ఈ వరుసలో చూడండి:
– సిగ్నల్ ఉందా? బయటికి వచ్చి, ఒకసారి ఫ్లైట్ మోడ్ పెట్టి తీయండి.
– మెసేజ్‌ల ఇన్‌బాక్స్ నిండిపోయిందా?
– రీఛార్జ్ గడువు దాటిందా? దాటితే కొన్నాళ్లకు ఇన్‌కమింగ్ కూడా ఆగిపోవచ్చు.
– ఆధార్‌లో ఉన్నది ఈ నంబరేనా, పాతదా?

5. అసలు ప్రమాదం: వదిలేసిన నంబరు

2021 ఫిబ్రవరిలో, కొవిడ్ సమయంలో, మన రాష్ట్రంలో రేషన్‌కు వేలిముద్ర బదులు ఓటీపీ, ఐరిస్ పద్ధతి తెచ్చారు. అప్పుడు ఆధార్‌కు నంబరు లింక్ లేనివాళ్లు కేంద్రాల ముందు క్యూలు కట్టాల్సి వచ్చింది. ఆ అవస్థ మళ్లీ పడకూడదు.

ట్రాయ్ నియమాల ప్రకారం, వాడకుండా 90 రోజులు గడిస్తే ప్రీపెయిడ్ నంబరును కంపెనీ తీసేయవచ్చు. బ్యాలెన్స్ 20 రూపాయలైనా ఉంటే అది కోసుకొని మరో 30 రోజులు ఉంచాలి. తీసేసిన నంబరును తర్వాత వేరే వాళ్లకు ఇస్తారు. అప్పుడు మీ ఆధార్ ఓటీపీ, బ్యాంకు మెసేజ్ ఎవరో తెలియనివాళ్ల ఫోన్‌లో మోగుతాయి. ఇంట్లో పెద్దవాళ్ల పాత నంబరు ఇలా పోయిందేమో ఈ వారమే చూడండి. నంబరు మారితే వాళ్లే స్వయంగా ఆధార్ కేంద్రానికి వెళ్లి మార్పించుకోవచ్చు. దీనికి వేరే పత్రాలు అడగరు. రసీదు తప్పక తీసుకోండి. బ్యాంకులో కూడా విడిగా మార్పించాలి.

6. షాపులో ఏమని అడగాలి?

‘సిగ్నల్ లేదు’ అంటే: మిషన్‌ను తలుపు దగ్గరికి తెచ్చి చూడమనండి. అయినా కాకపోతే రాష్ట్రంలో ఏ రేషన్ షాపులోనైనా తీసుకునే పోర్టబిలిటీ సౌకర్యం ఉంది. రాంనగర్‌లోనో, నల్లకుంటలోనో ఇంకో షాపుకు వెళ్లవచ్చు.
‘సర్వర్ డౌన్’ అంటే: పక్క షాపుకు వెళ్లినా అదే జవాబు రావచ్చు. తిరగకండి, కాసేపాగి రండి.
‘వేలిముద్ర పడలేదు’ అంటే: ఇది నెట్‌వర్క్ సమస్య కాదు. చెయ్యి కడిగి, తుడుచుకుని ఇంకో వేలు పెట్టండి. ఐరిస్ పరికరం ఉంటే కంటితో చూడమనండి. కుటుంబంలో కార్డులో పేరున్న ఇంకొకరు రావచ్చు.
ఫిర్యాదుకు: రేషన్ గురించి 1967, ఆధార్ గురించి 1947.

7. జాగ్రత్త

ఓటీపీ మీ ఇంటి తాళంచెవి లాంటిది. ‘పింఛను ఆగిపోయింది, నంబరు చెప్పండి’ అని ఫోన్ చేసేవాళ్లకు ఇవ్వకండి. పథకం పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు తెరవకండి. ప్రభుత్వ వెబ్‌సైట్ చిరునామా ‘డాట్ గవ్ డాట్ ఇన్’తో ముగిసిందో లేదో చూడండి. పక్కన తాళం గుర్తు ఉన్నంత మాత్రాన అది ప్రభుత్వానిదే అని కాదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

చదివాక మీ గల్లీలో ఫోన్ చదవలేని పెద్దవాళ్లకు 5వ భాగమైనా చదివి వినిపించండి.