కీలుబొమ్మ

తెలుగులో ‘కీలు’ అనే మాటకు రెండు ఎముకలు కలిసే చోటు అని ఒక అర్థం, మర్మం అని మరొక అర్థం. మూలం తెలుసుకొని పనిచేయమని చెప్పడానికి పెద్దలు ‘కీలెరిగి వాత పెట్టాలి’ అన్నారు. ఆకాశంలో ఎగిరే కొయ్యగుర్రాన్ని మన కథలు ‘కీలుగుర్రం’ అన్నాయి. స్వంత ఆలోచన లేక పరుల ఇష్టానుసారం నడిచేవాణ్ణి ‘కీలుబొమ్మ’ అని నిందించడం లోకంలో పరిపాటి. అయితే ఆ నింద బొమ్మకు న్యాయం చేయదు. ప్రాణం లేని వస్తువు ప్రాణమున్నట్లు కదలాలంటే ఎంత నైపుణ్యం కావాలో తోలుబొమ్మను కూర్చే విధానం చూస్తే తెలుస్తుంది.

తెలుగుదేశంలో తోలుబొమ్మలాట ప్రాచీనమైన కళ. పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో దీనిని ప్రస్తావించాడు. ఈ బొమ్మల తయారీకి పేరు పొందిన ఊళ్ళలో శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట, పల్నాడు జిల్లా కేంద్రమైన నరసరావుపేట ముఖ్యమైనవి. 2022లో పల్నాడు ప్రత్యేక జిల్లాగా ఏర్పడక ముందు నరసరావుపేట గుంటూరు జిల్లాలో ఉండేది.

పూర్వం దేవతల బొమ్మలకు జింక చర్మాన్ని వాడేవారు. నేడు మేకతోలునే వాడుతున్నారు. తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఆరబెడతారు. అప్పుడది పలుచబడి దీపకాంతిని తన గుండా ప్రసరింపనిస్తుంది. దానిపై రూపురేఖలు గీసి, నగలు, అంచులు ఉండవలసిన చోట్ల ఉలితో చిన్న చిన్న రంధ్రాలు పొడుస్తారు. తెర మీద ఆభరణాలై మెరిసేవి ఆ రంధ్రాలే. తరువాత రెండు వైపులా రంగులు అద్దుతారు.

ఇంతవరకు అయినది బొమ్మ కాదు, భాగాలు మాత్రమే. తల, మొండెం, దండచేయి, ముంజేయి, తొడ, పిక్క దేనికదే విడివిడిగా ఉంటుంది. ఒక భాగం అంచును మరొకదాని అంచు మీద ఉంచి, రెండింటికీ రంధ్రం చేసి, దారం దూర్చి, ఇరువైపులా ముడి వేస్తారు. అదే కీలు. ముడి మరీ బిగిస్తే మోచేయి వంగదు. మరీ వదులైతే విల్లు ఎత్తిన రాముని చేయి నిలువక వ్రేలాడిపోతుంది. ఏ పాత్రకు ఎన్ని కీళ్ళు ఉండాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. గంభీరంగా నిలిచే రాజుకు కొద్ది కదలికలు చాలు. నర్తకికి మెడ, నడుము సైతం కదలాలి.

చివరగా బొమ్మ నిలువునా ఒక బద్దను కట్టి, చేతులను ఆడించడానికి వేరుగా పుల్లలు అమర్చుతారు. ఆటగాడు తెర వెనుక నిలిచి ఆ పుల్లలు పట్టుకొని పాడుతూ, కాలి కింది చెక్కలను తొక్కి చప్పుడు చేస్తూ బొమ్మను నడిపిస్తాడు. ప్రేక్షకునికి హనుమంతుడు కనిపిస్తాడు. హనుమంతుని నడిపే మనిషి కనిపించడు.

ఈ ఊహ మనకే పరిమితం కాదు. జపానులో 1979లో ‘గండమ్’ అనే టెలివిజన్ కథామాలిక ప్రసారమైంది. అందులోని మహాయంత్రమానవులు తమంతట తాము పోరాడరు. ఒక మనిషి లోపల కూర్చొని నడుపుతాడు. 1980 నుండి బందాయ్ సంస్థ వాటి నమూనాలను ప్లాస్టిక్ భాగాలుగా అమ్ముతున్నది. కొన్నవారు ఆ భాగాలను కత్తిరించి, కీళ్ళు అమర్చి, కోరిన భంగిమలో నిలుపుకుంటారు. కొన్ని నమూనాలలో చోదకుని చిన్న బొమ్మ కూడా ఉంటుంది. అక్కడ నడిపేవాడు మొండెంలో ఉంటే, ఇక్కడ తెర వెనుక ఉన్నాడు. అయితే ఒక భేదం గమనింపదగినది. ఆ పెట్టెలో ఏ భాగం దేనికి తగిలించాలో అంకెలతో తెలిపే పుస్తకం ఉంటుంది. తోలుబొమ్మకు అటువంటి పుస్తకం లేదు. ముడి ఎంత బిగించాలో పెద్దల వేళ్ళను చూసి పిల్లల వేళ్ళు నేర్చుకోవలసిందే.

సినిమా, టెలివిజన్ వచ్చాక ఊరూరా ఆడే ఆటలు తగ్గిపోయాయి. కళాకారులు అదే తోలుతో దీపాల తొడుగులు, గోడకు తగిలించే చిత్రాలు చేసి జీవిస్తున్నారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావును 2020లో పద్మశ్రీ వరించింది. దీపపు తొడుగు కొన్న ప్రతి ఇల్లూ ఒక కళాకారుని కుటుంబానికి ఆసరా అవుతున్నది. కాని ఇనుప చట్రానికి బిగించి కుట్టిన తోలుకు కీళ్ళతో పనిలేదు. రంగు మిగిలింది, ఉలిపని మిగిలింది, కదలిక మిగలలేదు. కీలు వేయడం మరచిన చేయి మళ్ళీ దానిని నేర్చుకోవాలంటే నేర్పే చేయి ఒకటి ఉండాలి. అది ఉన్నప్పుడే నేర్చుకోవడం విజ్ఞత.

కఠిన పదాలు – అర్థాలు
పరిపాటి = అలవాటు; దండచేయి = భుజం నుండి మోచేతి వరకు గల భాగం; చోదకుడు = నడిపేవాడు; విజ్ఞత = వివేకం

ప్రశ్నలు
1. తోలుబొమ్మను తయారుచేసే విధానాన్ని వివరించండి.
2. గండమ్ నమూనాకు, తోలుబొమ్మకు గల పోలికలు, భేదాలు తెలపండి.
3. ‘రంగు మిగిలింది, కదలిక మిగలలేదు’ అనడంలోని ఆంతర్యం ఏమిటి?