గ్రుడ్డు చిట్లిన కారణము

స్విట్జర్లండు దేశీయుడగు పాల్ ముల్లర్ 1939లో డి.డి.టి.కి కీటకములను చంపు శక్తి కలదని కనుగొనెను. దోమలు నశించుటచే మలేరియా తగ్గి, లక్షలకొలది ప్రాణములు నిలిచెను. 1948లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. అది తగిన గౌరవమే.

అయితే బాలలారా, ఈ మందు త్వరగా నశింపదు, క్రొవ్వులో నిలిచియుండును. నీటి నాచునుండి పురుగునకు, పురుగునుండి చేపకు, చేపనుండి గ్రద్దకు చేరుచు మెట్టుమెట్టునకు హెచ్చును. అట్టి గ్రద్ద పెట్టు గ్రుడ్ల పెంకు పలుచనై, పొదుగునపుడు తల్లి బరువునకే చిట్లును. పొలమున మందు చల్లినవాడు ఆ పక్షిని చూచియైన నుండడు!

అమెరికా రచయిత్రి రేచెల్ కార్సన్ 1962లో ఇట్టి మందుల ముప్పును గ్రంథరూపమున తెలిపెను. ఆ దేశమున 1972లోను, మన దేశమున 1989లోను పంటలపై డి.డి.టి. వాడుక నిషేధింపబడెను. మలేరియా నివారణకు మాత్రము మనవారు దానిని ఉంచుకొనిరి. కాని అప్పటికే ఆ మందునకు చావని దోమలు పుట్టియుండెను.