సీసా మీది పేరు చూసి సరిపెట్టుకోవద్దు

నంద్యాల

చిరంజీవి మేనకోడలికి,

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మానవ రీకాంబినెంట్ ప్రోటీన్ ఒకటి తెప్పించుకుని, రోగనిరోధక కణాల మీద అది ఏం చేస్తుందో చూస్తానని రాశావు. ఆళ్లగడ్డ పిల్ల ఇలాంటి పనికి పూనుకోవడం నాకెంతో సంతోషం. పని మొదలుపెట్టకముందే ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం. సీసా మీద మానవ ప్రోటీన్ అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఉన్నదంతా అదే అయిపోదు. నీకు కనిపించిన ఫలితం ఆ ప్రోటీన్ వల్లే వచ్చిందని తేల్చడం నీ ప్రయోగంలో భాగం. అది అమ్మినవాళ్ల పూచీ అని వదిలేయకు.

ఈ ప్రోటీన్లు మనిషి నుంచి తీసినవి కావని నీకు తెలుసు. మన జన్యువును బాక్టీరియాలోనో, ఈస్ట్‌లోనో, జంతుకణాల్లోనో పెట్టి వాటిచేత తయారు చేయిస్తారు. 1978లో ఈ.కోలై బాక్టీరియాలో మానవ ఇన్సులిన్ తయారైంది, 1982లో మందుగా అనుమతి పొందింది. డాక్టర్ రెడ్డీస్ కంపెనీ 2001లో గ్రాస్టిమ్ అనే మందు తెచ్చింది. తెల్లరక్తకణాలను పెంచే ఆ మానవ ప్రోటీన్ తయారయ్యేది ఈ.కోలైలోనే. మన ఒంట్లో దానికి అంటుకునే చక్కెర గొలుసు బాక్టీరియాలో అంటుకోదు, అయినా పని చేస్తుంది. ఎర్రరక్తకణాలను పెంచే ఎరిత్రోపొయిటిన్ సంగతి వేరు. చక్కెర గొలుసులు లేకపోతే అది ఒంట్లో నిలవదు, అందుకే దాన్ని జంతుకణాల్లో చేస్తారు. అంటే జన్యువు మనదే అయినా, ప్రోటీన్ ఎలా ఉంటుందో దాన్ని తయారుచేసిన కణం కూడా నిర్ణయిస్తుంది. పైగా ఆ కణం తన సొంత పదార్థాలనూ కొంత వెంట పంపుతుంది. ఈ.కోలై పైపొరలో ఉండి, రోగనిరోధక కణాలను రెచ్చగొట్టే ఎండోటాక్సిన్ అలాంటిదే. ఎంత శుద్ధి చేసినా కొంత మిగిలిపోవచ్చు.

ఆ కొంచెమే ఎంత దారి తప్పించిందో చూడు. హెచ్‌ఎస్‌పీ60, హెచ్‌ఎస్‌పీ70 అనే మానవ ప్రోటీన్లు మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలను రెచ్చగొట్టి, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే సంకేత ప్రోటీన్‌ను విడుదల చేయిస్తాయని ఒకప్పుడు అనేక పరిశోధనలు చెప్పాయి. అవి బాక్టీరియాలో చేయించిన ప్రోటీన్లు. 2003లో గావో, త్సాన్ అనే శాస్త్రవేత్తలు ఎండోటాక్సిన్ బాగా తగ్గించిన ప్రోటీన్‌తో మళ్లీ చూశారు. కణాలు కదల్లేదు. అంతకుముందు వాటిని రెచ్చగొట్టింది ఎండోటాక్సినే. మొదటివాళ్లు అజాగ్రత్తగా ఉన్నారా అంటే, లేదు. ప్రోటీన్‌ను వేడిచేసి చూశారు, ప్రభావం పోయింది. ఎండోటాక్సిన్ వేడికి తట్టుకుంటుంది కాబట్టి ఇది ప్రోటీన్ పనేనని తీర్మానించారు. కానీ అతి తక్కువ మోతాదులో ఎండోటాక్సిన్ కూడా వేడికి చెడుతుంది. ఒక్క పరీక్షను నమ్ముకున్నందుకు వచ్చిన చిక్కు ఇది.

కంపెనీ సర్టిఫికెట్ ఇస్తుంది కదా అంటావు. దాన్ని తప్పకుండా చదువు, అంకెలు లెక్క వేసి మరీ చదువు. మైక్రోగ్రాముకు ఒక యూనిట్ కన్నా తక్కువ ఎండోటాక్సిన్ అని ఉంటే బాగానే అనిపిస్తుంది. నువ్వు మిల్లీలీటరుకు పది మైక్రోగ్రాములు వేస్తే, పది యూనిట్ల దాకా చేరవచ్చు. మాక్రోఫేజ్‌లను లేపడానికి అంతకంటే చాలా తక్కువే చాలు. పైగా సర్టిఫికెట్ చెప్పేది సరుకు కంపెనీలో ఉన్నప్పటి సంగతి. నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో సరుకు పెట్టె వచ్చి, ఐసు కరిగి, మళ్లీ గడ్డకడితే ప్రోటీన్ పాడైపోవచ్చు. ఆ విషయం ఏ కాగితమూ చెప్పదు. ఆళ్లగడ్డ శిల్పి రాయిని పరీక్షించుకున్నాకే ఉలి పెడతాడు కదా, నీ సరుకునూ అలాగే చూసుకో.

చిన్న కాలేజీలో ఇన్ని పరీక్షలకు డబ్బెక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ అసలైనవి ఖరీదైనవి కావు. ప్రోటీన్‌ను జెల్ మీద నడిపి అణుభారం సరిపోయిందో చూడు. ప్రోటీన్ లేకుండా బఫర్ మాత్రమే వేసిన కణాలను పక్కనే ఉంచు. ఎండోటాక్సిన్‌ను పట్టేసే పాలీమిక్సిన్ బి కలిపి ఒకసారి, కొలిచిన ఎండోటాక్సిన్ మాత్రమే వేసి ఒకసారి చూడు. వీలైతే జంతుకణాల్లో చేసిన అదే ప్రోటీన్‌తో పోల్చు. వచ్చిన రోజే చిన్న చిన్న భాగాలుగా పంచి ఫ్రీజర్‌లో పెట్టు, ఒకే ట్యూబును పదేపదే కరిగించి గడ్డకట్టించకు. ఇంత అనుమానంతో పని ముందుకు సాగదేమోనని భయపడకు. ముందు ఒక వారం ఎక్కువ పడుతుంది, కానీ తప్పుదారిలో ఏళ్లు పోవు.

థీసిస్‌లో ప్రోటీన్ పేరుతోపాటు ఏ కణంలో చేసింది, ఏ లాట్, ఎండోటాక్సిన్ ఎంత అన్నది తప్పక రాయి. నీ ఫలితాన్ని మరొకరు సరిచూడగలిగితేనే అది శాస్త్రం అవుతుంది. నీ అంచనా తప్పని తేలినా, అలా తేల్చగలిగిన ప్రయోగం చేశావంటే నువ్వు మంచి పరిశోధకురాలివే.

ఆశీస్సులతో,
మీ మామ