ఆముదంతో ఎగిరే పళ్ళెం



మన ముత్తంగిలో రోజంతా ఇంజన్ల చప్పుడే. ఒక పక్క ముంబై హైవే. ఇంకో పక్క ఔటర్ రింగు రోడ్డు. చుట్టూ పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలు. ఈ పాఠం ఒక చిన్న ఇంజన్ గురించి. అది మన గుప్పెట్లో పడుతుంది. దాన్ని గుండ్రటి చెక్క పలకకు బిగిస్తే పలక గాలిలోకి లేస్తుంది. దాని పేరు ఎగిరే పళ్ళెం.

సీసాలో ఏముంది?

మన చదువు కేంద్రానికి వచ్చే ఒక అక్క ఇంట్లో జరిగింది ఇది. ఆమె పెద్దబిడ్డ డిగ్రీ చదువుతోంది. కాలేజీలో ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరింది. అక్కడ చిన్న విమానాల నమూనాలు చేయడం, ఎగరేయడం నేర్పుతారు. ఆ అమ్మాయి ఎగిరే పళ్ళెం చేద్దామనుకుంది. చిన్న ఇంజన్, దానికి పోసే నూనె ఇంటికి తెచ్చింది. నూనెను నీళ్ళ సీసాలో పోసి గూట్లో పెట్టింది. సీసా మీద ఏమీ రాయలేదు.

ఇంట్లో ఐదేళ్ళ బాబు ఉన్నాడు. రెండు రోజులుగా కడుపు నొప్పి అంటున్నాడు. నాయనమ్మ సీసా మూత తీసి వాసన చూసింది.

"ఆముదమే గదా! ఒక చెంచ పోస్తే కడుపు సాఫయితది" అని చెంచాలో పోసింది. బాబు నోరు తెరిచాడు. అప్పుడే అక్క బిడ్డ లోపలికి వచ్చింది. "పొయ్యకు నాయనమ్మా!" అని అరిచి చెంచా లాగేసింది.

ఆ రాత్రి అక్క కేంద్రానికి వచ్చి అడిగింది: "టీచరమ్మా, గా ఎగిరేదాన్ని ఇంట్ల పెట్టనియ్యాల్నా? పారెయ్యమనాల్నా?"

జవాబు చెప్పే ముందు అదేమిటో తెలుసుకుందాం.

ఆముదం ఎందుకు కలుపుతారు?

నాయనమ్మ వాసన పట్టింది నిజమే. ఆ నూనెలో ఆముదం ఉంది. పది పాళ్ళలో రెండు పాళ్ళు ఆముదం అనుకోండి. మిగతా ఎనిమిది పాళ్ళు మిథనాల్. మిథనాల్ అంటే ఒక రకం స్పిరిట్. ఇంజన్‌లో మండేది మిథనాల్. లోపలి భాగాలు రాసుకుని అరిగిపోకుండా కాపాడేది ఆముదం.

వంట నూనెలు మిథనాల్‌తో సరిగా కలవవు. ఆముదం కలుస్తుంది. బాగా వేడెక్కినా దాని జిగట తొందరగా పోదు. 1914 నుంచి 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచ యుద్ధంలో చాలా విమానాల ఇంజన్లకు ఆముదమే పోశారు. ప్రపంచంలో ఆముదం ఎక్కువగా పండించే దేశం మనదే. మన తెలంగాణలో పాలమూరు, నల్లగొండ వైపు చెల్క భూముల్లో ఈ పంట వేసేవారు.

మరి మిథనాల్? అది విషం. చూడటానికి నీళ్ళలాగే ఉంటుంది. రెండు మూడు చెంచాలు పెద్దవాళ్ళ చూపును కూడా పోగొట్టగలవు. పిల్లలకు ఒక్క చెంచా కూడా ప్రమాదమే. కల్తీ సారా తాగి చూపు పోయింది, ప్రాణం పోయింది అని వింటుంటాం. చాలాసార్లు దానికి కారణం మిథనాలే. మందుల ఫ్యాక్టరీల్లో కూడా దీన్ని వాడతారు. అందుకే మనలాంటి ఊళ్ళ వాళ్ళు దీని పేరు తప్పక తెలుసుకోవాలి.

ఇంకో మాట. మిథనాల్ తాగిన మనిషి మొదట బాగానే కనిపించవచ్చు. వాంతులు, కళ్ళు మసకబారడం కొన్ని గంటల తర్వాత రావచ్చు. ఒక్కోసారి ఒక రోజు కూడా పట్టవచ్చు. "బాగనే ఉన్నడు" అని ఆగవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. సీసాను కూడా ఆసుపత్రికి తీసుకుపోవాలి. దీనికి విరుగుడు మందు ఉంది. ఎంత తొందరగా పోతే అంత మంచిది.

చిన్న ఇంజన్ ఎలా నడుస్తుంది?

ఈ ఇంజన్ ఒక సి.సి. ఇంజన్. స్కూటర్ ఇంజన్ సుమారు 110 సి.సి. ఉంటుంది. ఒక సి.సి. అంటే ఒక మిల్లీలీటరు. మందు తాగే చిన్న చెంచాలో 5 మిల్లీలీటర్లు పడతాయి. అంటే ఇంజన్ లోపల ముషలం కదిలే జాగా చెంచాలో ఐదో వంతు మాత్రమే.

ఇంజన్ తలలో సన్నని ప్లాటినం తీగ చుట్ట ఉంటుంది. మొదట బ్యాటరీతో ఆ తీగను ఎర్రగా కాలుస్తారు. ఇంజన్ అందుకున్నాక బ్యాటరీ తీసేస్తారు. అయినా తీగ ఎర్రగానే ఉంటుంది. లోపలి మంట వేడి, మిథనాల్ గుణం రెండూ కలిసి దాన్ని చల్లారనివ్వవు.

ఇంజన్ ముందు చిన్న పంకా ఉంటుంది. అది నిమిషానికి పదివేల సార్లకు పైగా తిరుగుతుంది. అంత వేగంగా తిరిగే పంకా కంటికి కనిపించదు. వేలు తగిలితే తెగుతుంది.

పళ్ళెం ఎలా చేస్తారు?

దీనికి బాల్సా చెక్క కావాలి. చాలా తేలికైన చెక్క అది. 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పలకలు నాలుగు తీసుకుంటారు. పక్కపక్కన పెట్టి అతుకుతారు. 40 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. అంటే సుమారు రెండు జానలు.

మధ్యలో గుండుసూది గుచ్చుతారు. 20 సెంటీమీటర్ల దారం కట్టి, దారం కొసకు పెన్సిల్ పెట్టి గుండ్రంగా తిప్పుతారు. పెద్ద చక్రం ముగ్గు వేసేవాళ్ళకు ఈ పద్ధతి తెలుసు. గీత వెంబడి కోస్తే పళ్ళెం తయారు.

ముందు అంచున గట్టి చెక్క ముక్క అతికి దానికి ఇంజన్ బిగిస్తారు. పక్కనే చిన్న నూనె డబ్బా పెడతారు. వెనుక భాగంలో రెండు చిన్న పలకలు నిలబెడతారు. ఇవి పళ్ళెం పక్కకు తిరగకుండా చూస్తాయి. వెనుక అంచున ఒక రెక్క ఉంటుంది. అది తలుపులాగా పైకీ కిందికీ ఆడుతుంది.

ఎగిరే పళ్ళెం ఎందుకు ఎగురుతుంది? ఎదురు గాలిలో చాట పట్టుకుని నడవండి. చాట ముందు అంచు కొంచెం పైకి ఎత్తండి. గాలి చాటను పైకి నెడుతుంది. పళ్ళెం కూడా అంతే. ఇంజన్ దాన్ని ముందుకు లాగుతుంది. పళ్ళెం గాలిని కిందికి తోస్తుంది. గాలి పళ్ళేన్ని పైకి లేపుతుంది.

బరువు ఎక్కడ ఉండాలి?

అక్క బిడ్డ కాలేజీ గ్రౌండులో మొదటిసారి ఎగరేసినప్పుడు పళ్ళెం ముక్కు పైకెత్తి వెనక్కి పడింది. ఇంజన్ మంచిదే. చెక్క మంచిదే. బరువు మాత్రం వెనక్కి ఉంది.

గుండ్రటి పళ్ళేనికి బరువు మధ్యలో ఉంటే చాలదు. ముందుకు ఉండాలి. ముందు అంచు నుంచి వెడల్పులో ఐదో వంతు దూరంలో గీత గీస్తారు. 40 సెంటీమీటర్ల పళ్ళేనికి 8 సెంటీమీటర్ల దగ్గర. ఆ గీత మీద, అటొకటి ఇటొకటి, రెండు వేళ్ళ కొనలతో పళ్ళేన్ని పైకెత్తాలి. ముక్కు కొంచెం కిందికి వంగినా మంచిదే. వెనుక భాగం కిందికి జారితే ఎగరేయకూడదు. ముక్కు దగ్గర చిన్న సీసం ముక్క కట్టాలి.

ఆ అమ్మాయి అలాగే కట్టింది. రెండోసారి పళ్ళెం నిలకడగా తిరిగింది.

పెద్ద పెద్ద దేశాలకు కూడా ఇదే చిక్కు వచ్చింది. "ఎగిరే పళ్ళెం" అనే పేరు 1947లో అమెరికా పత్రికల్లో పుట్టింది. ఒక విమాన చోదకుడు ఆకాశంలో వింత వస్తువులు చూశానని చెప్పాడు. దాని తర్వాత కెనడాలో ఒక కంపెనీ అమెరికా సైన్యం కోసం ఆవ్రోకార్ అనే పళ్ళెం విమానం చేసింది. దాని వెడల్పు ఐదున్నర మీటర్లు. 1959లో మనుషులు ఎక్కి నడిపారు. అది నేల నుంచి సుమారు మీటరు ఎత్తు లేచింది. ఇంకా పైకి పోతే ఊగిపోయింది. 1961లో ఆ పని ఆపేశారు.

ఎలా ఎగరేస్తారు?

ఈ పళ్ళేనికి రెండు సన్నని తీగలు కడతారు. పొడవు సుమారు 9 మీటర్లు. తీగల కొస చేతిపిడికి ఉంటుంది. ఎగరేసే మనిషి మధ్యలో నిలబడతారు. పళ్ళెం చుట్టూ తిరుగుతుంది. పిడిని పైకి వంచితే వెనుక రెక్క పైకి లేస్తుంది, పళ్ళెం ఎక్కుతుంది. కిందికి వంచితే దిగుతుంది. ఎన్.సి.సి. వాయు సైనిక్ క్యాంపులో ఇలాంటి నమూనాలు ఎగరేసే పోటీలు ఉంటాయి.

తీగ లేకుండా రిమోట్‌తో ఎగరేసేవాటికి, డ్రోన్లకు 2021లో వేరే నియమాలు వచ్చాయి. పటంలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ప్రాంతాలు గుర్తించారు. మన దగ్గర దుండిగల్‌లో వైమానిక అకాడమీ ఉంది. అందుకని రిమోట్‌తో ఎగరేసే ముందు ఆ పటం చూడాలి. ఎరుపు ఉన్నచోట అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

అక్కకు ఏం చెప్పాం?

మేమందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఒక అక్క "ఆడపిల్లకు ఇంజన్ ఎందుకు?" అన్నది. ఇంకో అక్క జవాబు ఇచ్చింది: "మనం ఫ్యాక్టరీల మిషిన్ల కాడ పనిచేస్తలేమా?"

నేను ఇంకో సంగతి చెప్పాను. 2016 జూన్ 18న మన దుండిగల్‌లోనే ముగ్గురు అమ్మాయిలు మన దేశపు మొదటి మహిళా యుద్ధ విమాన పైలట్లు అయ్యారు. వారు అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్.

చివరికి అందరం ఒక మాట మీదికి వచ్చాం. పళ్ళేన్ని పారెయ్యవద్దు. కానీ ఈ ఆరు మాటలు తప్పకూడదు.

1. నూనెను నీళ్ళ సీసాలో, మందు సీసాలో పోయకూడదు. అమ్మిన డబ్బాలోనే ఉంచాలి. తాళం వేయాలి.

2. ఇంట్లో కలపకూడదు. పొయ్యి దగ్గర పెట్టకూడదు. మిథనాల్ మంట పగటి పూట సరిగా కనిపించదు.

3. చేతికి అంటితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. మిథనాల్ చర్మం నుంచి కూడా లోపలికి పోతుంది.

4. పంకాను వేలితో తిప్పకూడదు, కర్రతో తిప్పాలి. కళ్ళద్దాలు పెట్టుకోవాలి. పంకా ముందు, పక్కన ఎవరూ నిలబడకూడదు.

5. కరెంటు తీగల దగ్గర ఎగరేయకూడదు. పళ్ళెం తీగ కరెంటు తీగకు తగిలితే ప్రాణం పోతుంది. మన ఊరి చుట్టూ పెద్ద లైన్లు ఉన్నాయి.

6. నేర్పేవాళ్ళు లేకుండా ఒంటరిగా ఎగరేయకూడదు. చూసేవాళ్ళు పళ్ళెం తిరిగే గీతకు చాలా దూరంగా ఉండాలి.

మర్నాడే అక్క బిడ్డ ఆ నూనెను అమ్మిన డబ్బాలో పోసింది. నీళ్ళ సీసాను పిల్లలకు దొరకకుండా పారేసింది. అక్క ఒక కాగితం తీసుకుంది. తానే పెద్ద అక్షరాలతో రాసింది:

ఇది ఆముదం కాదు.
విషం. తాగకూడదు.

డబ్బాకు అతికి పెట్టెలో పెట్టి తాళం వేసింది. అత్తమ్మకు చదువు రాదు. అందుకని కింద పుర్రె బొమ్మ గీసింది. అత్తమ్మ కాగితం మీద వేలు పెట్టి అడిగింది: "ఇండ్ల విషం అని ఏడ రాసినవ్ బిడ్డా? నాకు చూపియ్యి."

అక్క చూపించింది. వి. ష. సున్న.

కొత్త మాటలు

మిథనాల్: మండే స్పిరిట్. విషం.
సి.సి.: ఇంజన్ కొలత. ఒక సి.సి. ఒక మిల్లీలీటరు.
ముషలం: ఇంజన్ లోపల ముందుకూ వెనక్కూ కదిలే భాగం. పిస్టన్ అని కూడా అంటారు.

చెప్పండి

1. నాయనమ్మ ఎందుకు పొరపాటు పడింది?
2. పళ్ళెం వెడల్పు 50 సెంటీమీటర్లు అయితే బరువు గీత ఎక్కడ గీయాలి?
3. మిథనాల్ తాగిన మనిషి బాగానే కనిపిస్తే ఏం చేయాలి?

చేయండి

ఈ రోజు మీ ఇంట్లో పేరు లేని సీసాలు, డబ్బాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. యాసిడ్, ఫినాయిల్, కిరోసిన్, పురుగుల మందు ఏదైనా సరే. ఒక్కొక్క దాని మీద పేరు రాసి అతికించండి. రేపు కేంద్రానికి వచ్చినప్పుడు ఎన్ని రాశారో చెప్పండి.