బల్ల మారితే ఆట మారుతుందా? ఒక పూల్ టోర్నమెంట్ నేర్పిన లెక్కలు

మాది మంగంపేట. ఉమ్మడి కడప జిల్లాలో ఈ పేరు చెప్తే ఎవరైనా "ముగ్గురాయి ఊరు కదా" అంటారు. ముగ్గురాయి అంటే బెరైటీస్. ప్రపంచంలో ఒకేచోట ఇంత బెరైటీస్ ఉన్న నిక్షేపం ఇంకొకటి లేదు. ఆయిల్ బావులు తవ్వేటప్పుడు లోపలికి పంపే బురదకు బరువు రావడానికి ఈ రాతి పొడి కలుపుతారు. గని, దాని చుట్టూ పొడి కొట్టే మిల్లులు, వాటి చుట్టూ లారీలు. మా ఊరి జీవితం మొత్తం షిఫ్టుల మీద నడుస్తుంది.

అయితే ఈ వ్యాసం ముగ్గురాయి గురించి కాదు. పూల్ బల్ల మీద పచ్చగుడ్డ కింద ఒక పలకరాయి ఉంటుంది. ఆ రాయి గురించి, దాని చుట్టూ చేరే మనుషుల గురించి.

జరిగింది ఇదీ

మా ఊళ్ళో రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో రెండు పూల్ బల్లలు ఉన్నాయి. సంక్రాంతికి అక్కడ ఒక టోర్నమెంట్ పెడతాం. 16 మంది. ఓడితే ఇంటికే. ఒక్కో మ్యాచ్‌లో ముందు ఐదు గేములు గెలిచినవాళ్ళు గెలిచినట్టు. రెండు సాయంత్రాల్లో అయిపోయేది. షెడ్డు బయట బజ్జీల బండి, లోపల ఫ్యాను, చుట్టూ అరుపులు.

పోయిన సంక్రాంతికి దాన్ని టౌన్లో ఒక పార్లర్‌కు మార్చాం. "మార్చాం" అని బహువచనంలో రాస్తున్నాను గానీ, ఆ ఐడియా నాదే. ఏసీ హాలు, ఐదు పెద్ద బల్లలు, 32 మందికి చోటు. నేను పైథాన్‌లో డ్రా కూడా రాసుకుపోయాను. హాలును ఆరు గంటలకు మాట్లాడుకున్నాం కాబట్టి ఐదు గేముల మ్యాచ్‌ను మూడుకు తగ్గించాం.

మా ఊరి షెడ్డులో వరసగా మూడేళ్ళు గెలిచిన అన్న ఒకాయన ఉన్నాడు. లారీ నడుపుతాడు. టౌన్లో ఆయన మొదటి రౌండ్లోనే 3–1తో ఓడిపోయాడు. పాత పదహారు మందిలో అసలు వచ్చింది తొమ్మిది మందే. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ అన్న ఒకే మాట అన్నాడు: "ఆ బల్లకు మన యాస రాదు అబ్బోడా."

నేను నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. ఆయన నిజంగా ఎందుకు ఓడిపోయాడో లెక్క వేద్దామని కూర్చున్నాను. ఆ లెక్కే ఈ వ్యాసం.

పాఠం 1: బల్ల సైజు

పూల్ బల్లలు అన్నీ ఒకటి కావు. షెడ్లలో, చిన్న పార్లర్లలో ఎక్కువగా ఉండేవి ఏడడుగుల బల్లలు. వాటి మీద ఆడే స్థలం సుమారు 78 అంగుళాల పొడవు, 39 అంగుళాల వెడల్పు. అంతర్జాతీయ పోటీల్లో వాడేవి తొమ్మిదడుగుల బల్లలు. వాటి మీద 100 అంగుళాలు, 50 అంగుళాలు. పేరులో తేడా రెండడుగులే. విస్తీర్ణంలో తేడా 64 శాతం.

బంతి మాత్రం అదే, రెండుంపావు అంగుళాలు. పోటీ బల్ల మీద మూల పాకెట్ నోరు నాలుగున్నర అంగుళాల దగ్గర ఉంటుంది. అంటే సరిగ్గా రెండు బంతుల వెడల్పు. అంచులకు తగలకుండా పడాలంటే బంతి మధ్యభాగం అటు ఇటు 1.125 అంగుళాలకు మించి జరగకూడదు.

ఇప్పుడు మన ఇంటర్ ట్రిగనామెట్రీ పెట్టి చూద్దాం. బంతి ఒక్క డిగ్రీ తప్పుగా వెళ్ళిందనుకోండి. 50 అంగుళాల దూరంలో అది 0.87 అంగుళం పక్కకు పోతుంది. ఇంకా పాకెట్లోనే. 80 అంగుళాల దూరంలో 1.4 అంగుళాలు పోతుంది. బయటే. చేతిలో జరిగిన తప్పు ఒకటే, శిక్ష మారిపోయింది. చిన్న బల్ల క్షమించినదాన్ని పెద్ద బల్ల క్షమించదు.

పాఠం 2: పలక, గుడ్డ, గాలి

మంచి బల్ల పైభాగం చెక్క కాదు, రాయి. స్లేట్ అంటారు. మనకు కొత్త రాయేం కాదు. మన అమ్మానాన్నలు అఆలు దిద్దిన మార్కాపురం పలక ఆ జాతి రాయే. అది పొరలు పొరలుగా విడిపోతుంది కాబట్టి సమంగా, చదునుగా వస్తుంది. చెక్కలాగ తేమకు ఉబ్బదు, వంగదు. పోటీ నియమాల ప్రకారం ఆ రాయి కనీసం అంగుళం మందం ఉండాలి. పొడవునా లెవెల్‌లో తేడా అంగుళంలో యాభయ్యో వంతు దాటకూడదు. పెద్ద బల్లలకు సాధారణంగా మూడు ముక్కలు పక్కపక్కన బిగిస్తారు. కాబట్టి ఒక బల్లను విప్పి ఇంకోచోట బిగిస్తే, నిజానికి అది ఇంకో బల్ల అయినట్టే. అతుకుల దగ్గర నుంచి లెవెల్ దాకా అన్నీ మళ్ళీ సరిచేయాలి.

పైన వేసే ఉన్ని గుడ్డ సంగతి ఇంకొకటి. కొత్త గుడ్డ మీద బంతి జారుతుంది, ఎక్కువ దూరం పోతుంది. అరిగిన గుడ్డ మీద, దుమ్ము పట్టిన గుడ్డ మీద తొందరగా ఆగుతుంది. గాలిలో తేమ ఉంటే గుడ్డ దాన్ని పీల్చుకుని బంతిని నెమ్మది చేస్తుంది. ప్రొఫెషనల్ స్నూకర్ బల్లలకు పలక కింద హీటర్లు పెట్టేది ఇందుకే. మా షెడ్డులో గుడ్డ పాతది. దాని మీద మిల్లుల వైపు నుంచి వచ్చే తెల్లటి పొడి ఎప్పుడూ ఉంటుంది. అక్కడ నేర్చుకున్న చెయ్యి బంతిని గట్టిగానే కొడుతుంది. ఏసీ హాల్లో కొత్త గుడ్డ మీద అదే దెబ్బకు తెల్లబంతి అడుగు దూరం ఎక్కువ పోయి అడ్డంగా నిలబడింది. అన్న ఓడిన మూడు గేముల్లో రెండు అట్లాగే పోయాయి.

ఇంకో రహస్యం ఉంది. మా షెడ్డులో రెండో బల్ల ఎడమ మూలకు కొంచెం వాలు. అందరికీ తెలుసు, అన్నకు ఇంకా బాగా తెలుసు. మెల్లగా వదిలితే బంతి అదే మూలకు తిరుగుతుంది. మన మెషీన్ లెర్నింగ్ క్లాసులో దీన్ని ఓవర్‌ఫిట్టింగ్ అంటారు. ట్రైనింగ్ డేటాలో ఉన్న నాయిస్‌ను కూడా మోడల్ నేర్చేసుకుంటుంది, కొత్త డేటా ఇవ్వగానే తడబడుతుంది. మొదట నేను ఇక్కడే ఆగిపోయాను. "అన్న ఓవర్‌ఫిట్ అయ్యాడు, అంతే" అనుకున్నాను. నాకు తృప్తిగా అనిపించింది కూడా, ఎందుకంటే ఆ సమాధానంలో నా తప్పు లేదు.

పాఠం 3: నేను మార్చిన ఒక్క అంకె

తర్వాత ఫార్మాట్ లెక్క వేశాను.

ఒక ఆటగాడు ఎవరితో ఆడినా ప్రతి గేమును 60 శాతం అవకాశంతో గెలుస్తాడనుకుందాం. ఊళ్ళో మంచి ఆటగాడంటే దాదాపు అంతే. ఒకే గేముతో తేలిపోయే మ్యాచ్ అయితే అతను గెలిచే అవకాశం 60 శాతం. ముందు మూడు గెలవాలంటే 68. ముందు ఐదు గెలవాలంటే 73. ముందు పదకొండు గెలవాలంటే సుమారు 83. ఆట పొడవు పెరిగేకొద్దీ అదృష్టం పలచబడుతుంది, నైపుణ్యం పైకి తేలుతుంది.

68కీ 73కీ మధ్య ఐదే కదా అనుకోకండి. అది ప్రతి రౌండ్లోనూ గుణించుకుంటూ పోతుంది. పాత పద్ధతిలో 16 మంది, నాలుగు రౌండ్లు, ఐదు గేములు. కప్పు గెలిచే అవకాశం 29 శాతం. కొత్త పద్ధతిలో 32 మంది, ఐదు రౌండ్లు, మూడు గేములు. అవకాశం 15 శాతం.

సగమైపోయింది. బల్ల గురించి, గుడ్డ గురించి ఇంకా ఏమీ లెక్కలోకి తీసుకోకుండానే! 32 మందినే పెట్టుకుని ఐదు గేములు ఉంచి ఉంటే 21 శాతం ఉండేది. ఆ మిగతా తగ్గుదల నేను కోడ్‌లో 5 చెరిపి 3 రాయడం వల్ల వచ్చింది.

మరి ఎందుకు రాశాను? టైమ్ కోసం. పాత షెడ్డులో 15 మ్యాచ్‌లు, రెండు బల్లలు. మొదటి రౌండ్‌కు నాలుగు విడతలు, తర్వాత రెండు, ఒకటి, ఒకటి. మొత్తం ఎనిమిది. విడతకు గంట చొప్పున ఎనిమిది గంటలు, రెండు సాయంత్రాలు. కొత్త హాల్లో 31 మ్యాచ్‌లు, ఐదు బల్లలు. నాలుగు, రెండు, ఒకటి, ఒకటి, ఒకటి. మొత్తం తొమ్మిది. బల్లలు రెండున్నర రెట్లు పెరిగినా విడతలు తగ్గలేదు, ఒకటి పెరిగింది. సెమీఫైనల్ అవ్వకుండా ఫైనల్ మొదలుపెట్టలేం కదా. ఎన్ని కోర్లు ఉన్నా వరసగా చేయాల్సిన పని వరసగానే చేయాలని ఆమ్‌డాల్ సూత్రం చెప్పేది ఇదే. గంట చొప్పున తొమ్మిది గంటలు. మాకున్నది ఆరు. అందుకే గేములు తెగ్గోశాను. హాలు అద్దె ఆట నియమాన్ని రాసింది, నేను టైప్ చేశానంతే.

పెద్ద పోటీలకూ ఇదే జరిగింది

ఇది మా ఊరి గొడవే అనుకున్నాను. వెతికితే పెద్ద పెద్ద టోర్నమెంట్లకూ ఇదే కథ.

అమెరికాలో యూఎస్ ఓపెన్ నైన్ బాల్ ఛాంపియన్‌షిప్ అని ఉంది. 1976లో బారీ బెర్మన్ అనే ఆయన వర్జీనియాలోని నార్‌ఫోక్‌లో మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళు అది ఆ చుట్టుపక్కలే జరిగింది. 2016లో ఆయన చనిపోయాడు. 2018లో మ్యాచ్‌రూమ్ అనే సంస్థ హక్కులు కొని, 2019లో దాన్ని లాస్ వేగాస్‌కు తీసుకెళ్ళింది. 256 మంది ఆటగాళ్ళు. జర్మనీ కుర్రాడు జాషువా ఫిల్లర్ గెలిచాడు. 2021లో అది మళ్ళీ అట్లాంటిక్ సిటీకి మారింది, ఫిలిప్పీన్స్ ఆటగాడు కార్లో బియాడో గెలిచాడు.

అక్కడ ఒకసారి ఓడినా ఇంకో అవకాశం ఉంటుంది. రెండోసారి ఓడితేనే అవుట్. చివరి దశలో మాత్రం నాకౌట్. 256 మందితో మామూలు నాకౌట్ అయితే 255 మ్యాచ్‌లు చాలు. రెండు ఓటముల పద్ధతిని చివరిదాకా నడిపితే 510 లేదా 511. ఇంత ఆటకు పెద్ద హాలు, చాలా బల్లలు, రోజుల తరబడి టైమ్ కావాలి. అంటే పెద్ద హాలుకు మారడం వల్ల ఆట కుదించుకుపోవాలనే రూల్ ఏమీ లేదు. స్థలంతో పాటు టైమ్ కూడా కొనాలి. మేం స్థలం కొన్నాం, టైమ్ కొనలేదు.

ఇంకో ఉదాహరణ స్నూకర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్. 1975లో ఆస్ట్రేలియాలో చాలా ఊళ్ళు తిరిగింది. 1976లో ఇంగ్లండ్‌లో మిడిల్స్‌బరో, మాంచెస్టర్ రెండుచోట్లా పంచి ఆడారు. బల్ల మీద, టీవీ లైట్ల మీద ఫిర్యాదులొచ్చాయి. 1977లో షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ అనే నాటకాల థియేటర్‌కు మార్చారు. నిర్వాహకుడు మైక్ వాటర్సన్ భార్య అక్కడ నాటకం చూసొచ్చి, ఇది మీ ఆటకు బాగుంటుందని చెప్పిందట. అది వెయ్యి మంది కూడా పట్టని హాలు. మధ్యలో ఒక తెర దించి రెండు బల్లలు వేస్తారు. సెమీఫైనల్ నుంచి తెర తీసేసి ఒక్కటే బల్ల. 1978 నుంచి బీబీసీ రోజూ చూపించడం మొదలుపెట్టాక ఆ చిన్న హాలే ఆ ఆటకు ఇల్లయిపోయింది. అక్కడ ప్రేక్షకుడు బల్లకు ఎంత దగ్గరగా కూర్చుంటాడంటే, ఆటగాడి ఊపిరి వినపడుతుందంటారు.

క్రూసిబుల్ సంగతి చదివినప్పుడు నాకు మా రేకుల షెడ్డు గుర్తొచ్చింది. రెండు బల్లలు, మీద పడే జనం.

పాఠం 4: లెక్కలోకి రాని ఏడుగురు

నా ప్రోగ్రాంలో 32 పేర్లూ నిండాయి కాబట్టి టోర్నమెంట్ సక్సెస్ అనుకున్నాను. రాని ఏడుగురి పేర్లు అందులో ఖాళీగా కూడా కనిపించవు. వాళ్ళ స్థానంలో వేరే పేర్లు ఉంటాయి, అంతే. తర్వాత ఒక్కొక్కరినీ అడిగాను. ముగ్గురికి ఆరోజు మిల్లులో షిఫ్టు. పాత పద్ధతిలో అయితే షిఫ్టు దిగి చేతులు కడుక్కుని, నడిచి వచ్చి ఆడేవాళ్ళు. ఇద్దరికి రాత్రి తిరిగి రావడానికి బస్సు లేదు. ఒకాయన ఎంట్రీ ఫీజు ఎక్కువన్నాడు. చివరి ఆయన కాసేపు ఆగి, "ఏసీ హాల్లో మనకేం పనిలే" అన్నాడు. దానికి ఏ ఫార్ములా లేదు.

వేదిక మార్చేముందు చూసుకోవాల్సినవి

మన కాలేజీ ఫెస్టులో పూల్ అయినా, క్యారమ్స్ అయినా, చెస్ అయినా చోటు మార్చేవాళ్ళు ఈ నాలుగూ చూసుకోండి.

1. కొత్త బల్ల మీద రసమట్టం పెట్టి చూడండి. తర్వాత తెల్లబంతిని నాలుగు వైపులా మెల్లగా వదిలి, ఎటు తిరుగుతుందో గమనించండి.

2. అందరికీ కనీసం పావుగంట ప్రాక్టీస్ ఇవ్వండి. లోకల్ వాళ్ళకు ముందే తెలిసిన బల్ల, వచ్చినవాళ్ళకు తెలియకపోతే అది పోటీ కాదు.

3. ముందు మ్యాచ్ ఎన్ని గేములో నిర్ణయించి, దానికి ఎంత టైమ్ కావాలో లెక్కేసి, ఆ తర్వాతే హాలు మాట్లాడండి. నేను తిరగేసి చేశాను.

4. ఎంతమంది కొత్తగా వస్తారని కాదు, పాతవాళ్ళలో ఎవరు రాలేరని అడగండి.

వచ్చే సంక్రాంతికి నేను ఇంకో డ్రా రాశాను. మొదటి రెండు రౌండ్లు మా షెడ్డులోనే, వారం పాటు, ఎవరి షిఫ్టు దిగాక వాళ్ళు, ఐదు గేములు. మిగిలిన ఎనిమిది మందికి టౌన్లో, పెద్ద బల్లల మీద, అవీ ఐదు గేములే. ఎనిమిది మందికి ఏడు మ్యాచ్‌లు, ఐదు బల్లల మీద మూడు విడతలు. మూడు గంటల్లో అయిపోతుంది. అద్దె సగం. అందరూ కలిసి ఒక వ్యాన్ మాట్లాడుకుంటే రాత్రి బస్సు బాధ కూడా లేదు.

ఈ లెక్కంతా కాగితం మీద రాసి అన్నకు చూపించాను. ఆయన 29, 15 అంకెల దగ్గర కాసేపు ఆగాడు. "అంటే నాది చేతగానితనం కాదన్నమాట" అన్నాడు. సగం కాదన్నా, సగం అవునన్నా అని నిజమే చెప్పాను. పెద్ద బల్ల మీద ప్రాక్టీస్ చేయాలి కదా మరి.

పేరు ఇవ్వలేదింకా. కానీ పోయిన ఆదివారం టౌన్లో లోడు దింపి, ఆ పార్లర్ ముందు లారీ ఆపి, గంటసేపు ఒక్కడే ఆడుకుని వచ్చాడని తెలిసింది.