బంతి బ్యాటర్ తలపై నుంచి పోతోంది

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. స్కూలు సాఫ్ట్‌బాల్ జట్టులో పిచర్. వేగం ఉంది, గురి లేదు. బంతి బ్యాటర్ తలపై నుంచి పోతోంది. – ఓ తల్లి, కొనకనమిట్ల

జవాబు: అమ్మా, బంతిని ఆలస్యంగా వదిలితే ఎక్కువగా ఇలాగే అవుతుంది. చెయ్యి గుండ్రంగా తిరిగి కిందికొచ్చి, ముంజేయి తుంటిని రాసుకునే క్షణంలోనే మణికట్టు విదిలించి వదిలేయాలి. ఒళ్లు వెనక్కి వాలినా బంతి పైకే పోతుంది. అంతర్జాతీయ మహిళల ఆటలో పిచింగ్ దూరం 43 అడుగులు. సాధన అక్కడ మొదలుపెట్టొద్దు. పదిహేను అడుగుల నుంచి, చెయ్యి తిప్పకుండా, మణికట్టుతోనే గోడకు వేయించండి. నేలమీద సుద్దగీత గీసి, ముందడుగు దానిమీదే పడేలా చూడండి. గురి కుదిరాకే పూర్తి చుట్టు. వేగం కోసం మాత్రం దయచేసి తొందరపెట్టకండి.

భుజం ముందువైపు నొప్పంటే ఆ రోజుకు ఆపేయండి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే మార్కాపురంలో ఎముకల డాక్టరుకు చూపించండి.