మిథైల్ బ్రోమైడ్ నియంత్రణ: ఓజోన్ ఒప్పందంలో వ్యవసాయ అధ్యాయం

పర్యావరణ పరిరక్షణలో దేశాల మధ్య సహకారాన్ని చర్చించేటప్పుడు మాంట్రియల్ ఒప్పందాన్ని విజయానికి నిదర్శనంగా పేర్కొనడం పరిపాటి. 1987 సెప్టెంబరు 16న సంతకాలైన ఈ ఒప్పందాన్ని 2009 నాటికి ప్రపంచ దేశాలన్నీ ఆమోదించాయి. అయితే శీతలీకరణ యంత్రాలలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లకు లభించిన ప్రచారం అదే ఒప్పందం పరిధిలోకి వచ్చిన ఊదర మందు మిథైల్ బ్రోమైడ్‌కు లభించలేదు. వ్యవసాయ శాస్త్రజ్ఞులు ప్రధానంగా పరిశీలించవలసినది దీని చరిత్రనే.

మిథైల్ బ్రోమైడ్ నేలలోని నులిపురుగులను, శిలీంధ్రాలను, కలుపు విత్తనాలను ఒకేసారి నశింపజేస్తుంది. నిల్వ ధాన్యంలోని పురుగులను సుమారు ఒక్క రోజులోనే చంపుతుంది. దీని నుండి వెలువడే బ్రోమిన్ ఓజోన్ పొరలో, అణువుకు అణువు లెక్కన, క్లోరిన్ కంటే దాదాపు 60 రెట్లు ఎక్కువ విధ్వంసం కలిగిస్తుంది. వాతావరణంలో దీని ఆయుర్దాయం ఏడాది లోపే కనుక వాడకం తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది. ఈ కారణాల వల్ల 1992లో కోపెన్‌హాగన్ సమావేశం దీనిని నియంత్రిత పదార్థాల జాబితాలో చేర్చింది. 1997లో ఖరారైన గడువుల ప్రకారం అభివృద్ధి చెందిన దేశాలు 2005 నాటికి, వర్ధమాన దేశాలు 2015 నాటికి వాడకాన్ని పూర్తిగా మానవలసి ఉండెను.

ఈ పదేళ్ల వ్యత్యాసం వెనుక సుదీర్ఘమైన బేరసారాలున్నాయి. ఓజోన్ పొరకు నష్టం కలిగించిన రసాయనాలను అధికంగా వాడినవి సంపన్న దేశాలే కనుక, ప్రత్యామ్నాయాలకు మారే ఖర్చును అవే భరించాలని భారతదేశం, చైనా పట్టుబట్టాయి. 1990 లండన్ సమావేశంలో బహుపాక్షిక నిధి ఏర్పాటుకు అంగీకారం కుదిరింది. చైనా 1991లో, భారతదేశం 1992లో ఒప్పందంలో చేరాయి. నిధి కార్యనిర్వాహక సంఘంలో రెండు వర్గాలకూ ఏడేసి స్థానాలుంటాయి. ఓటింగు జరిగితే రెండు వర్గాలలోనూ మెజారిటీ లభించాలి. దాతలే శాసించే ఇతర సహాయ నిధులతో పోలిస్తే ఇది అరుదైన ఏర్పాటు.

మందు మానిన రైతుకు మరో మార్గం చూపడం పరిశోధకుల బాధ్యత అయినది. పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పి సూర్యరశ్మితో నేలను వేడెక్కించే పద్ధతిని 1976లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు ప్రచురించి ఉన్నారు. టమాట, పుచ్చ నారును తెగుళ్లను తట్టుకునే వేరుమూలాలపై అంటుకట్టడం మధ్యధరా ప్రాంతంలో విస్తరించింది. బ్రెజిల్‌లో పొగాకు నారును మట్టి మడులకు బదులు నీటిపై తేలే ట్రేలలో పెంచసాగారు.

విచిత్రమేమంటే, గడువు దాటిన తరువాత మినహాయింపులను గట్టిగా కోరినది సంపన్న దేశమే. కాలిఫోర్నియా స్ట్రాబెరీ తోటలకు ప్రత్యామ్నాయం లేదని అమెరికా వాదించింది. 2004 మార్చిలో ఇందుకోసం సభ్యదేశాలు మాంట్రియల్‌లో అసాధారణ సమావేశం జరుపవలసి వచ్చింది. సాంకేతిక సంఘం ఏటేటా ప్రతి కోరికను పరిశీలించి పరిమాణాన్ని కుదిస్తూ వచ్చిన మీదట, 2016తో ఆ తోటల మినహాయింపు ముగిసింది.

మిగిలిన చిక్కు క్వారంటైన్‌ది. ఎగుమతి, దిగుమతి సరుకులకు క్వారంటైన్ నిమిత్తం ఈ మందు వాడడంపై ఒప్పందంలో గడువు లేదు. లెక్కలు మాత్రం సమర్పించాలి. ఈ అవసరాలకు ఏటా సుమారు 10 వేల టన్నులు నేటికీ ఖర్చవుతున్నవి. దీనికి మూలం మరొక అంతర్జాతీయ ఒప్పందమే. సస్యరక్షణ ఒప్పందం కింద 2002లో వెలువడిన 15వ ప్రమాణం, సరుకు రవాణాకు వాడే చెక్క పెట్టెలను లోపలి భాగంలో 56 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు వేడి చేయాలని, లేదా మిథైల్ బ్రోమైడ్‌తో ఊదర పెట్టాలని నిర్దేశించింది. 2008లో అదే సస్యరక్షణ సంస్థ ఈ మందు వాడకాన్ని తగ్గించాలని సిఫారసు చేసింది.

ఈ వైరుధ్యం భారతదేశపు పప్పుధాన్యాల వ్యాపారంలోనూ ఎదురైనది. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం, దిగుమతి చేసుకునే పప్పుధాన్యాలకు ఎగుమతి దేశంలోనే మిథైల్ బ్రోమైడ్ ఊదర పెట్టాలి. తమ శీతాకాలపు చలికి ఆ పురుగుల ముప్పు తక్కువని, ఓజోన్ ఒప్పందం దృష్ట్యా ఈ మందు వాడకం తగదని కెనడా అభ్యంతరం చెప్పింది. భారతదేశం కొన్నేళ్లపాటు గడువులు పొడిగిస్తూ, సరుకు ఇక్కడికి చేరిన తరువాత ఊదర పెట్టడానికి అనుమతించింది. ఒక దేశం తన పంటలను కాపాడుకోవడానికి పెట్టిన షరతు వేరొక దేశపు పర్యావరణ బాధ్యతకు అడ్డు తగిలినప్పుడు, పరిష్కారం ఒప్పంద పత్రాల కంటే కీటక శాస్త్రజ్ఞుల ప్రయోగ ఫలితాలపై ఎక్కువగా ఆధారపడుతుంది.

ఆ ప్రయోగాలు సులభమైనవి కావు. ఫాస్ఫీన్ పనిచేయడానికి సాధారణంగా ఐదు రోజులు, అంతకు మించి పడుతుంది. చలిలో మరింత ఆలస్యం. నుసిపురుగు, ఎర్ర పిండిపురుగు దీనికి నిరోధకతను సంతరించుకున్నాయి. 2018లో 15వ ప్రమాణంలో చేర్చిన సల్ఫ్యూరిల్ ఫ్లోరైడ్ ఓజోన్‌కు హాని చేయదు గాని, బొగ్గుపులుసు వాయువుతో పోల్చితే వేల రెట్లు అధికంగా భూతాపాన్ని పెంచుతుంది. క్యోటో ఒప్పందం నియంత్రించిన వాయువుల జాబితాలో దాని పేరు లేదు.